ఫ్యాక్టరీ మెథడ్‌తో పాత తెలుగు ఫైళ్ల దిగుమతి: ప్రాజెక్టు డైరీ

ఆదివారం

బాబాయి డీటీపీ సెంటర్‌లో ఉన్న ఒక సాహిత్య మాసపత్రిక పాత సంచికల్ని యూనికోడ్‌లోకి తెచ్చే పని ఇవాళ మొదలైంది. పత్రిక ఆగిపోయి చాలా కాలమైంది. అచ్చు ప్రతులు కొన్నే మిగిలాయి. కంపోజింగ్ ఫైళ్లు మాత్రం బాబాయి ఒక్కటీ పారేయలేదు. ఫ్లాపీల్లోంచి సీడీల్లోకి, సీడీల్లోంచి హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తూ వచ్చాడు. "అక్షరాలన్నీ ఉన్నాయిరా, చదివే మిషనే లేదు" అన్నాడు హార్డ్‌డిస్కు చేతిలో పెడుతూ.

నాతో పాటు ఈ పని చేస్తున్నది బాబాయి దగ్గర డీటీపీ నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో డిజైన్ ప్యాటర్న్‌లు, అంటే ప్రోగ్రాముల్లో మళ్లీమళ్లీ ఎదురయ్యే సమస్యలకు పేరు పెట్టిన పరిష్కారాలు, ఈ సెమిస్టర్‌లోనే చెబుతున్నారట. వాటిలో ఒకటి ఫ్యాక్టరీ మెథడ్: పని క్రమం తల్లి క్లాసులో ఉంచి, అందులో వాడే వస్తువును తయారుచేసే పని పిల్ల క్లాసుకు (సబ్‌క్లాసుకు) వదిలేయడం. దానికి వృత్తం, చతురస్రం, త్రిభుజం గీసే ఉదాహరణ ఒక్కటే తనకు తెలుసు. "అన్నా, నిజంగా దీన్ని ఎక్కడ వాడతారు?" అని అడిగింది. ఈ డైరీ అందుకోసం కూడా రాస్తున్నా. బొమ్మల ఉదాహరణతో ఆ ప్యాటర్న్ ఎవరికీ ఒంటబట్టదని నా నమ్మకం. అందులో సృష్టించడం తప్ప వేరే పని ఉండదు. వేరే పని లేనిచోట ఫ్యాక్టరీ మెథడ్‌కు అర్థమే లేదు.

డిస్కులో ఉన్నవి మూడు రకాలు.

మొదటివి డాస్ కాలం నాటి ఫైళ్లు. సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు పెట్టిన కంప్యూటర్ల మీద కంపోజ్ చేసినవి, ఇస్కీ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయి. ఇస్కీ అంటే ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణం, 1991 నాటిది. బ్రాహ్మీ నుంచి వచ్చిన ముఖ్య భారతీయ లిపులకు ఒకే పట్టిక. అదే 179 అనే బైటు తెలుగులో క, దేవనాగరిలోనూ క. లిపి ఏదో చెప్పడానికి 239 అనే బైటు వస్తుంది, దాని వెనక లిపి నంబరు. తెలుగుకు 69.

రెండోవి విండోస్ వచ్చాక చేసిన ఆర్‌టీఎఫ్ ఫైళ్లు. వీటిలో అక్షరాలు లేవు, అక్షరాల ముక్కలే ఉన్నాయి. ఆ రోజుల్లో డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు గ్లిఫ్‌లను, అంటే అక్షరాల ముక్కల బొమ్మలను, కూర్చోబెట్టుకున్నాయి. తలకట్టు ఒక బైటు, వత్తు ఒక బైటు, గుడి కలిసిన అక్షరం ఇంకో బైటు. ఏ కంపెనీ పట్టిక దానిదే. ఫాంటు పేరు తెలియకపోతే ఆ బైట్లకు అర్థం లేదు.

మూడోవి అమెరికా నుంచి రచయితలు మెయిల్‌లో పంపిన కథలు, ఉత్తరాలు. ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వాడుకలోకి వచ్చిన లిప్యంతరీకరణలో ఉన్నాయి. ఇంటర్నెట్ తెలుగు గుంపుల్లో తొలినాళ్లలో చాలామంది రాసుకున్నది దీనిలోనే. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చిన్న టి త, పెద్ద టి ట. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ.

"శక్తి" అనే ఒక్క మాట తీసుకుని మూడింటిలో ఎలా ఉందో రాసుకున్నాం. ఇస్కీలో 213, 179, 232, 194, 219. అంటే శ, క, హలంతు, త, గుడి. డీటీపీ ఫైలులో శ గ్లిఫ్, తలకట్టు, కి గ్లిఫ్, త వత్తు. గుడి ముందే వచ్చేసింది, త వెనకబడింది. ఆర్‌టీఎస్‌లో ఐదు ఇంగ్లిషు అక్షరాలు. యూనికోడ్‌లో మనకు కావలసింది 3126, 3093, 3149, 3108, 3135. యూనికోడ్ వరస ఇస్కీ వరసే. కాబట్టి మొదటి రకం తేలిక, రెండో రకంతోనే అసలు కుస్తీ.

సోమవారం రాత్రి

కోడు మొదటి ఆకారం వచ్చింది. ప్రతి ఫైలు మీదా చేయాల్సింది ఇది: ఫైలును బైట్లుగా చదవాలి. పాఠాన్ని ముక్కలు చేయాలి. ముక్కల్ని ఒక్కొక్కటిగా డీకోడర్‌కు, అంటే పాత సంకేతాల్ని విప్పే కోడుకు, ఇచ్చి యూనికోడ్ తీసుకోవాలి. చివర మిగిలింది ఉంటే కక్కించాలి. వచ్చిన పాఠాన్ని యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే ఒకే అక్షరం ఎప్పుడూ ఒకే సంకేతాలతో ఉండే తీరుకు, తేవాలి. అర్థం కాని బైట్ల జాబితాను నివేదికలో రాయాలి. ఈ వరస మూడు రకాలకూ ఒకటే.

తేడా వచ్చేది రెండు చోట్ల. ముక్కలు చేయడం ఒకటి. డాస్ ఫైలులో చివర 26 అనే బైటు ఉంటే అక్కడితో ఫైలు అయిపోయినట్టే, ఆ తర్వాత ఉన్నది చెత్త. మెయిల్‌లో హెడర్లు తీసేయాలి, పాత ఉత్తరంలోంచి ఎత్తిరాసిన వరసల్ని వదిలేయాలి. ఆర్‌టీఎఫ్ సంగతి వేరే చెప్పాలి. రెండో తేడా ఏ డీకోడర్ కావాలన్నది.

మొదట సహజంగా ఎవరైనా రాసేది "రకం ఇస్కీ అయితే ఇది, ఆర్‌టీఎస్ అయితే అది" అనే ఇఫ్ మెట్ల వరస. అందులో తప్పేమీ లేదు, అది ఒక్కచోటే ఉన్నంతవరకు. మా రూపురేఖల్లో అది చదివే దగ్గర ఒకటి, ముక్కలు చేసే దగ్గర ఒకటి, డీకోడర్ తయారుచేసే దగ్గర ఒకటి, నివేదిక దగ్గర ఒకటి వచ్చేలా ఉంది. నాలుగో రకం ఫైలు దొరికిన రోజున నాలుగు చోట్లా వెతికి ఇంకో మెట్టు కట్టాలి. కాబట్టి ముక్కలు చేసే పని కోసం ఎలాగూ ఒక్కో రకానికి ఒక్కో పిల్ల క్లాసు రావాలని తేలింది. ఇక్కడే ఫ్యాక్టరీ మెథడ్‌కు చోటు దొరికింది: పిల్ల క్లాసు ఎలాగూ ఉంది, ఏ డీకోడర్ కావాలో కూడా దానికే తెలుసు.

మంగళవారం

క్లాసుల పేర్లు తెలుగులోనే పెట్టాం. పైథాన్ 3 మొదటినుంచీ తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది. ఒక్క జాగ్రత్త: పేరులో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండకూడదు. మన కీబోర్డుల్లో పొల్లు తర్వాత ఇంకో హల్లు విడిగా రావడానికి అది కొడతాం కదా, పైథాన్ దాన్ని పేరులో భాగంగా తీసుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. కంటికి కనబడని అక్షరం కాబట్టి ముందే నియమం రాసుకున్నాం. పేర్లలో మాట విరిచే చోట అండర్‌స్కోరు, అంతే.

ఇప్పటి కోడు ఇది. కీవర్డుల్ని కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నా.

    క్లాస్ దిగుమతి:
        డెఫ్ నడుపు(సెల్ఫ్, దారి):
            పాఠం = ""
            బైట్లు = సెల్ఫ్.చదువు(దారి)
            డీకోడర్ = సెల్ఫ్.డీకోడర్_ఇవ్వు()
            ఫర్ ముక్క ఇన్ సెల్ఫ్.ముక్కలు(బైట్లు):
                పాఠం += డీకోడర్.విప్పు(ముక్క)
            పాఠం += డీకోడర్.ముగించు()
            రిటర్న్ శుద్ధి(పాఠం)

        డెఫ్ డీకోడర్_ఇవ్వు(సెల్ఫ్):
            # ఇక్కడ ఖాళీ, పిల్ల క్లాసు రాయాలి

    క్లాస్ ఫ్లాపీ_దిగుమతి(దిగుమతి):
        డెఫ్ డీకోడర్_ఇవ్వు(సెల్ఫ్):
            రిటర్న్ ఇస్కీ_డీకోడర్(లిపి="తెలుగు")

    క్లాస్ మెయిల్_దిగుమతి(దిగుమతి):
        డెఫ్ డీకోడర్_ఇవ్వు(సెల్ఫ్):
            రిటర్న్ ఆర్టీఎస్_డీకోడర్()

"డీకోడర్_ఇవ్వు" అనేదే ఫ్యాక్టరీ మెథడ్. "నడుపు" అనే పద్ధతిలో ఇస్కీ అన్న మాట గానీ ఆర్‌టీఎస్ అన్న మాట గానీ లేదు చూడండి. దానికి తెలిసింది రెండే సంగతులు: నాకు ఒక డీకోడర్ వస్తుంది, దానికి విప్పు, ముగించు అనే రెండు పనులు వచ్చు.

ఈ ప్యాటర్న్‌కు పేరు పెట్టి నమోదు చేసింది గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడీస్ అనే నలుగురు, 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో. అందులో మొత్తం 23 ప్యాటర్న్‌లు, వస్తువుల్ని సృష్టించేవి 5. ఫ్యాక్టరీ మెథడ్‌కు వర్చువల్ కన్‌స్ట్రక్టర్ అనే ఇంకో పేరు కూడా ఇచ్చారు. వాళ్లు చెప్పిన నాలుగు పాత్రలు మా కోడులో ఇలా కుదిరాయి: ప్రాడక్ట్ అంటే డీకోడర్ అనే ఇంటర్‌ఫేసు. కాంక్రీట్ ప్రాడక్ట్ అంటే ఇస్కీ_డీకోడర్. క్రియేటర్ అంటే దిగుమతి. కాంక్రీట్ క్రియేటర్ అంటే ఫ్లాపీ_దిగుమతి. వాళ్ల ఉదాహరణలో ఒక అప్లికేషన్ ఫ్రేమ్‌వర్కు ఉంటుంది. "కొత్త పత్రం" నొక్కితే ఏం జరగాలో దానికి తెలుసు, ఆ పత్రం బొమ్మా లేక పట్టికా అన్నది తెలియదు. అది పిల్ల అప్లికేషన్ చెబుతుంది. పని క్రమం తల్లిది, వస్తువు ఎంపిక పిల్లది. సృష్టించడం ఒక పెద్ద పనిలో ఒక మెట్టుగా ఉండాలి. వృత్తం చతురస్రం ఉదాహరణలో లేనిది ఆ పెద్ద పనే.

"అయితే రోజూ వాడేది ఒకటి చెప్పన్నా" అంది అమ్మాయి. ఫర్ లూపు చెప్పాను. లిస్టు మీద తిరిగినా డిక్షనరీ మీద తిరిగినా ఫర్ రాసే తీరు ఒకటే. లోపల పైథాన్ ఆ వస్తువు తాలూకు ఇటర్ పద్ధతిని పిలుస్తుంది, లిస్టు తన ఇటరేటర్‌ను (ఒక్కో అంశాన్ని వరసగా అందించే వస్తువును) ఇస్తుంది, డిక్షనరీ తనది ఇస్తుంది. జావాలో కలెక్షన్‌కు ఉన్న ఇటరేటర్ పద్ధతీ ఇదే. అరే లిస్ట్ ఇచ్చేది వేరు, లింక్డ్ లిస్ట్ ఇచ్చేది వేరు, లూపుకు ఆ తేడా అక్కర్లేదు. ఒకే లిస్టు మీద రెండు లూపులు ఒకదాంట్లో ఒకటి తిరిగినా తారుమారు కావు. ఎందుకంటే ప్రతి లూపుకూ కొత్త ఇటరేటర్ తయారవుతుంది, ఎక్కడిదాకా వచ్చామన్న లెక్క దాని దగ్గరే ఉంటుంది.

ఈ చివరి సంగతి మాకు నేరుగా పనికొచ్చింది. ఇస్కీ డీకోడర్ లిపి ఏదో గుర్తుపెట్టుకుంటుంది. ఒక ఫైలు మధ్యలో సంస్కృత శ్లోకం కోసం దేవనాగరికి మారి ఉంటే, ఆ గుర్తు తర్వాతి ఫైలులోకి కారకూడదు. ఫైలుకొక కొత్త డీకోడర్ కావాలి. అందుకే డీకోడర్‌ను ఒకసారి చేసి అందరికీ పంచకుండా, నడిపిన ప్రతిసారీ అడిగి తెచ్చుకుంటున్నాం.

గురువారం

కోడు రివ్యూలో ఆ అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "ప్రతిసారీ అడగడం ఎందుకు, దిగుమతి క్లాసు ఇనిట్‌లోనే (వస్తువు పుట్టగానే నడిచే కన్‌స్ట్రక్టర్‌లోనే) డీకోడర్_ఇవ్వును పిలిచి సెల్ఫ్‌లో పెట్టేసుకుంటే?"

ఫైలుకొక కొత్త డీకోడర్ కావాలన్న కారణం పక్కన పెట్టినా, తల్లి కన్‌స్ట్రక్టర్ లోంచి ఫ్యాక్టరీ మెథడ్‌ను పిలవడం ప్రమాదమే. ఎందుకో కూర్చుని చేసి చూపించా. మెయిల్_దిగుమతికి ఆర్‌టీఎస్ నియమాల ఫైలు దారిని ఇనిట్‌లో ఇచ్చామనుకోండి. పిల్ల ఇనిట్ మొదట తల్లి ఇనిట్‌ను పిలుస్తుంది. తల్లి డీకోడర్_ఇవ్వును పిలుస్తుంది, పిల్ల రాసుకున్న పద్ధతే నడుస్తుంది. అది సెల్ఫ్.నియమాలు అడుగుతుంది. ఆ సరికి పిల్ల ఇనిట్‌లో ఆ వరస ఇంకా నడవలేదు. యాట్రిబ్యూట్ ఎర్రర్.

జావాలో ఇదే చేస్తే ఎర్రర్ కూడా రాకపోవచ్చు. పిల్ల పద్ధతి నడుస్తుంది, ఫీల్డు నల్ అయి ఉంటుంది, గొడవ ఎక్కడో తర్వాత బయటపడుతుంది. సీ ప్లస్ ప్లస్ తీరు ఇంకొకటి. తల్లి కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నప్పుడు ఆ వస్తువు ఇంకా తల్లి రకమే, కాబట్టి వర్చువల్ ఫంక్షన్ అయినా పిల్లది నడవదు. మూడు భాషల్లో మూడు రకాల ఫలితం, మందు మాత్రం ఒకటే: అవసరం వచ్చినప్పుడే తయారు చేయించుకోవడం. సీ ప్లస్ ప్లస్ వాళ్లకు ఆ నలుగురి పుస్తకం కూడా ఈ సలహానే ఇచ్చింది.

ఇంకో చిన్న నిర్ణయం. డీకోడర్_ఇవ్వును తల్లిలో అబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌గా గుర్తు పెట్టాం. పిల్ల క్లాసు అది రాయడం మర్చిపోతే వస్తువు తయారయ్యే దగ్గరే టైప్ ఎర్రర్ వస్తుంది. ఏదో ఒక డీఫాల్ట్ డీకోడర్‌ను తల్లిలో పెట్టే వీలు కూడా ఈ ప్యాటర్న్‌లో ఉంది. చాలాచోట్ల అది సౌకర్యం. ఇక్కడ మాత్రం వద్దన్నాను. డీఫాల్ట్ ఉంటే, ఒక కథ మొత్తం తప్పు పట్టికతో మారి అచ్చం తెలుగులాగే కనిపించే చెత్తగా భద్రమైపోతుంది. అది ఎవరో చదివేదాకా తెలియదు. ఆగిపోవడమే మేలు.

శనివారం, ఆదివారం

రెండు రోజులూ ఆర్‌టీఎఫ్ మీదే.

ఆర్‌టీఎఫ్ ఫైలు మొదట్లో ఫాంటు పట్టిక ఉంటుంది: సున్నా నంబరు ఫలానా ఫాంటు, ఒకటో నంబరు ఫలానాది. ఆ తర్వాత పాఠం మధ్యలో బ్యాక్‌స్లాష్, ఎఫ్, నంబరు వస్తే అక్కణ్నుంచి ఆ ఫాంటు. 127 దాటిన బైట్లు బ్యాక్‌స్లాష్, అపాస్ట్రఫీ, రెండు హెక్స్ అంకెలుగా ఉంటాయి. ఒక పేజీలో శీర్షిక ఒక తెలుగు ఫాంటు, కథ ఇంకో తెలుగు ఫాంటు, మధ్యలో రచయిత ఇంగ్లిషు పేరో ఫోన్ నంబరో వస్తే టైమ్స్. ఒక్క ఫైలుకు ఒక్క డీకోడర్ అన్న లెక్క ఇక్కడ చాలదు.

అందుకని తల్లి క్లాసు ఒప్పందాన్ని కొంచెం పెంచాం. ముక్కలు ఇప్పుడు జతలుగా వస్తాయి: ఒక గుర్తు, ఆ ముక్క బైట్లు. డీకోడర్_ఇవ్వు ఆ గుర్తును తీసుకుంటుంది. దీన్ని పారామీటరు ఉన్న ఫ్యాక్టరీ మెథడ్ అంటారు. ఫ్లాపీ, మెయిల్ క్లాసులు ఆ గుర్తును పట్టించుకోవు, వాటికి ఎప్పుడూ ఒకటే. ఆర్‌టీఎఫ్ క్లాసు మాత్రం గుర్తులో ఉన్న ఫాంటు పేరు చూసి, ఆ ఫాంటు పట్టికతో గ్లిఫ్_డీకోడర్ ఇస్తుంది. ఇంగ్లిషు ఫాంటు అయితే ఉన్నదున్నట్టు వదిలే డీకోడర్ ఇస్తుంది. తెలియని ఫాంటు పేరు వస్తే ఎర్రర్. "నడుపు" ఒక గుర్తుకు మొదటిసారి డీకోడర్ అడిగి, ఆ ఫైలు అయ్యేదాకా దాన్నే దగ్గర పెట్టుకుంటుంది. గుర్తు మారేటప్పుడు పాతదాన్ని ముగిస్తుంది. పట్టికలు పెద్దవి కాబట్టి అవి మాత్రం ప్రోగ్రాం మొత్తానికి ఒకసారే చదివి పంచుకుంటున్నాం. మారే స్థితి డీకోడర్‌లో ఉంటుంది, మారని పట్టిక బయట.

ఆర్‌టీఎఫ్‌ను పాఠంగా తెరిచే లైబ్రరీలు కొన్ని ఉన్నాయి. అవి బైట్లను విండోస్ 1252 కింద చదివి ఇస్తాయి. మాకు అది పనికిరాదు. ఆ ఎన్‌కోడింగ్‌లో 129, 141, 143, 144, 157 స్థానాలు ఖాళీ. పైథాన్‌లో అయితే ఆ బైట్ల దగ్గర డీకోడ్ ఎర్రర్ వస్తుంది. తెలుగు ఫాంటుకు ఖాళీ స్థానమంటూ తెలియదు, అక్కడా ఒక వత్తును పెట్టుకుని ఉండొచ్చు. కాబట్టి చివరిదాకా బైట్లుగానే మోసి, స్ట్రింగు చేసే హక్కు డీకోడర్ ఒక్కదానికే ఇచ్చాం.

గ్లిఫ్_డీకోడర్ లోపలి సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే "ముగించు" అనే పద్ధతి ఎందుకు ఉందో ఇక్కడే తెలుస్తుంది. అది ఒక అక్షరానికి కావలసిన ముక్కలన్నీ పోగేసుకుంటుంది: హల్లు, దాని మీది స్వరం, కింది వత్తులు. తర్వాతి హల్లు వచ్చాక గానీ ముందు అక్షరం పూర్తయిందని చెప్పలేం. "శక్తి"లో శ, తలకట్టు వచ్చాయి, ఉంచుకుంది. కి గ్లిఫ్ వచ్చింది, అప్పుడు శ బయటికి వదిలింది. త వత్తు వచ్చింది, కి కింద చేర్చుకుంది. మాట అయిపోయింది, తర్వాత ఏమీ లేదు. ముగించు అంటేనే క, హలంతు, త, గుడి అనే వరసలో చివరి అక్షరం బయటికొస్తుంది.

క్రావడి ఇంకో మెలిక. ఈ ఫైళ్లలో అది హల్లుకు ముందే కొట్టి ఉంది, ఎందుకంటే కాగితం మీద అది ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది. "రాష్ట్రం" అనే మాటలో రా, తర్వాత క్రావడి, తర్వాత ష, తలకట్టు, ట వత్తు, సున్న. యూనికోడ్‌లో ష, ట, ర, సున్న కావాలి, మధ్యలో హలంతులతో. అంటే ముందొచ్చిన క్రావడిని పట్టుకుని ఉంచి, మిగతా వత్తులన్నీ అయ్యాక చివర పెట్టాలి. ఆ నియమం "స్త్రీ"కి సరిపోయింది. "స్వాతంత్ర్యం" దగ్గర చాలదు. అక్కడ త, ర, య. య వత్తు క్రావడి తర్వాతే రావాలి. చివరికి నియమం ఇలా స్థిరపడింది: ముందు మామూలు వత్తులు, తర్వాత ర, అన్నిటికంటే చివర య. బాబాయిని పిలిచి చూపిస్తే, "త్ర్యంబకం కూడా పెట్టండమ్మా, పంచాంగం పేజీలో వస్తుంది" అన్నాడు. పరీక్షల్లో చేర్చాం.

ఇంత గొడవ ఉన్న వస్తువు ఒకవైపు, 179కి 3093 అని పట్టిక చూసి ఇచ్చే వస్తువు ఇంకోవైపు. "నడుపు" వరసలు మాత్రం రెండింటికీ ఒకటే. ఆ అమ్మాయి ఇవాళ తనంతట తానే అంది: "ప్యాటర్న్ తయారుచేయడం గురించి కాదన్నా, తయారుచేసింది ఎవరో తల్లికి తెలియకుండా ఉంచడం గురించి." అదే.

బుధవారం

మరి ఫ్లాపీ_దిగుమతి కావాలా, ఆర్టీఎఫ్_దిగుమతి కావాలా అన్నది ఎవరు తేల్చాలి? ఎక్కడో ఒకచోట ఆ ఎంపిక జరగాల్సిందే. ఫ్యాక్టరీ మెథడ్ ఇఫ్‌ను మాయం చేస్తుందని కొందరు చెబుతారు. అది నిజం కాదు. ఇఫ్‌ను పని జరిగే చోటు నుంచి తీసి ప్రోగ్రాం గుమ్మం దగ్గర పెడుతుంది. అక్కడ అది ఒక్కటే ఉంటుంది, కాబట్టి భారం కాదు.

గుమ్మం దగ్గర మేం డిక్షనరీ పెట్టాం: ఫోల్డరు రకం పేరు ఒకవైపు, దిగుమతి క్లాసు ఇంకోవైపు. పిల్ల క్లాసు రాసినప్పుడు దానంతట అదే ఈ డిక్షనరీలో చేరేలా పైథాన్ 3.6లో వచ్చిన ఇనిట్ సబ్‌క్లాస్ వాడొచ్చు. ఆలోచించి, వద్దనుకున్నాం. మూడు నాలుగు క్లాసులకు చేత్తో రాసిన డిక్షనరీ చదవగానే అర్థమవుతుంది. కొత్తగా చేరేవాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

ఫైలు బైట్లు చూసి రకాన్ని కనిపెట్టడం కూడా చేయట్లేదు. ఆర్‌టీఎఫ్‌ను మొదటి వరసలోనే పోల్చొచ్చు. ఇస్కీకీ ఫాంటు బైట్లకూ మాత్రం తేడా చెప్పే గట్టి గుర్తు లేదు, రెండింటిలోనూ 160 పైన ఉండే బైట్లు వస్తాయి. బాబాయికి ఏ ఫోల్డరు ఎప్పటిదో నోటికి తెలుసు. ఆయన చెబుతుంటే అమ్మాయి సీఎస్‌వీ ఫైలులో రాసింది. మనిషికి తెలిసినదాన్ని అడిగి రాసుకోవడం కంటే నమ్మకమైన పద్ధతి ఇక్కడ లేదు.

బయటికి రాసే వైపు, అంటే మామూలు టెక్స్టు, హెచ్‌టీఎంఎల్, ఈపబ్, అక్కడా ఫ్యాక్టరీ మెథడ్ పెడదామా అని అడిగింది. అక్కడ వద్దని గట్టిగా చెప్పా. బయటికి రాయడంలో మూడింటికీ ఉమ్మడి క్రమం అంటూ లేదు. పాఠం తీసుకుని ఫైలు రాసే మూడు ఫంక్షన్లు, వాటిని పట్టుకున్న డిక్షనరీ చాలు. ఒక్క సృష్టించే వరస కోసమే పిల్ల క్లాసు పుట్టించాల్సి వస్తే, ఆ క్లాసును లేదా ఫంక్షన్‌ను నేరుగా పారామీటరుగా ఇచ్చేయడం మంచిది. పైథాన్‌లో క్లాసు కూడా విలువే కదా, ఎవరి చేతికైనా ఇవ్వొచ్చు.

జావా పని చేసే ఒక మిత్రుడితో సాయంత్రం దీనిమీదే వాదన. లిస్ట్ ఆఫ్, క్యాలెండర్ గెట్ ఇన్‌స్టన్స్ లాంటివి ఫ్యాక్టరీ మెథడ్‌లే కదా అన్నాడు. అవి స్టాటిక్ ఫ్యాక్టరీలు, అంటే వస్తువు లేకుండా క్లాసు పేరుతోనే పిలిచేవి. మంచివే, కన్‌స్ట్రక్టర్‌కు లేని పేరు వాటికి ఉంటుంది, ప్రతిసారీ కొత్త వస్తువు ఇవ్వాలన్న నిర్బంధం ఉండదు. కానీ స్టాటిక్ పద్ధతిని పిల్ల క్లాసు ఓవర్‌రైడ్ చేయలేదు, అంటే దాని బదులు తన పద్ధతి నడిచేలా తిరగరాసుకోలేదు. ఆ నలుగురు చెప్పిన ఫ్యాక్టరీ మెథడ్‌కు ప్రాణం ఓవర్‌రైడ్ చేయడంలోనే ఉంది. రెండూ వేర్వేరు పనిముట్లని ఒప్పుకున్నాకే ఫోన్ పెట్టాడు.

శుక్రవారం

పరీక్షల రోజు. ఫ్యాక్టరీ మెథడ్ వల్ల ఇంకో లాభం కనిపించింది. "నడుపు" క్రమం సరిగ్గా ఉందో లేదో చూడాలంటే నిజమైన డీకోడర్ అక్కర్లేదు. పరీక్ష కోసం ఒక పిల్ల క్లాసు రాశాం. అది ఇచ్చే డీకోడర్ ఏమీ విప్పదు, తనను ఎప్పుడు ఏ ముక్కతో పిలిచారో జాబితాలో రాసుకుంటుంది. దానితో మూడు సంగతులు నిర్ధారించాం. గుర్తు మారినప్పుడు పాత డీకోడర్‌ను ముగిస్తున్నాం. అదే గుర్తు మళ్లీ వస్తే పాతదే వాడుతున్నాం. రెండో ఫైలుకు అంతా కొత్తవే వస్తున్నాయి.

డీకోడర్ల పరీక్షలు వేరే. శక్తి, రాష్ట్రం, స్త్రీ, స్వాతంత్ర్యం, త్ర్యంబకం అన్నీ మూడు దారుల్లో వచ్చి ఒకే యూనికోడ్ వరసగా తేలాలి. ఐత్వం దగ్గర ఎన్‌ఎఫ్‌సీ అవసరం తెలిసింది. యూనికోడ్‌లో ఐత్వానికి 3144 అనే ఒకే సంకేతం ఉంది. అదే రూపాన్ని ఎత్వం 3142, దాని కింది గుర్తు 3158 అని రెండుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, వెతికితే ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు. గ్లిఫ్‌ల నుంచి వచ్చే పాఠంలో రెండు ముక్కల రూపం సహజంగా వస్తుంది. తల్లి క్లాసులోని శుద్ధి అన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీకి తెస్తుంది కాబట్టి ఏ డీకోడరూ దాని గురించి పట్టించుకోనక్కర్లేదు.

తర్వాతి సోమవారం

నాలుగో రకం అనుకున్నది రానే వచ్చింది. ప్రత్యేక సంచికల ఫోల్డరులో శీర్షికలకు మాత్రమే వాడిన ఇంకో అలంకార ఫాంటు. దీనికి కొత్త పిల్ల క్లాసు రాయలేదు. ఆర్టీఎఫ్_దిగుమతి ఫాంటు పేరు చూసి పట్టిక ఎంచుకుంటుంది కాబట్టి, కావలసింది ఒక పట్టిక ఫైలు మాత్రమే. దిగుమతి క్లాసులో ఒక్క వరసా మారలేదు.

పట్టిక నింపే పనిని అమ్మాయి తీసుకుంది. 33 నుంచి 255 వరకు ప్రతి బైటునూ ఆ ఫాంటులో పెద్దగా ప్రింటు తీసి, పక్కన ఖాళీ గడి పెట్టి బాబాయికి ఇచ్చింది. ఆయన పెన్సిలుతో రాస్తున్నాడు: ఇది క కొమ్ము, ఇది న వత్తు, ఇది మూడు చుక్కలు. కొన్ని గడుల్లో ప్రశ్నార్థకం పెట్టాడు. వాటిని అచ్చు ప్రతితో పోల్చి తేల్చాలి. ఆ ఫోల్డరును అప్పటిదాకా సీఎస్‌వీలో "ఆపండి" అని గుర్తు పెట్టి, మిగతా అన్నిటినీ ఇవాళ రాత్రి నడుపుతున్నాం.